గిడ్డంగి ఎక్కడికి దిగింది?
మొన్న కళింగపట్నంలో ఎరువుల కొట్టు నడిపే మా మిత్రుడు కొత్తగా పెట్టించిన ఈఆర్‌పీ తెర చూపించాడు. కొనుగోలు, అమ్మకం, నిల్వ, జీతాలు అన్నీ ఒకే లెక్కలో పారే ఏర్పాటు. ఒక బస్తా అమ్మితే నిల్వ తగ్గుతుంది, ఖాతా దానంతటదే మారుతుంది. తెలుగు మీట నొక్కితే ‘గోడౌన్’ ఉండాల్సిన చోట ‘కిందికి వెళ్ళు’ అని ఉంది! నవ్వొచ్చింది గానీ, ఆ మాట నిజంగానే చాలా దూరం వెళ్ళొచ్చింది. ఇంగ్లీషు గోడౌన్‌కి మలయా భాషలోని ‘గుదాంగ్’ మూలమనీ, దానికి మన గిడ్డంగి, తమిళ కిడంగు మూలమనీ 1886 నాటి ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువు సూచించింది. అర్థం, సరుకు పడి ఉండే చోటు. వంశధార సముద్రంలో కలిసే ఈ తీరం ఒకప్పటి ఓడరేవు. కళింగ పేరే మలయాలో ‘కెలింగ్’ అయి మనవాళ్ళకు స్థిరపడింది. పేరుతోపాటు మాటా ఓడెక్కి ఉంటుంది. అర్థంలో గిడ్డంగికి దాయాదులు కొట్టు, కొఠారు. రెండోది సంస్కృత కోష్ఠాగారం అరిగిన రూపం. ఇప్పుడు గిడ్డంగి ప్రభుత్వ కాగితాల్లో మిగిలింది, నోట్లో గోడౌనే. అప్పట్లో గిడ్డంగిలో సరుకుండేది, చిట్టా ఆవర్జాలు గుమస్తా బల్ల మీదుండేవి. ఈఆర్‌పీ ఆ రెంటినీ ఒక గూటికి చేర్చింది. మిత్రుడితో అన్నాను: “బావా, ఆ చోట గిడ్డంగి అని రాయించు. పుట్టింటికొచ్చిన పిల్లని కిందికి పొమ్మనకు.”