గుర్రం గిట్టల నుంచి మన మోకాళ్ళ దాకా

గోడకు ఆనించిన ఫోను ముందు గుంజీళ్ళు తీస్తుంటే, "వీపు వంచకండి, మోకాలు లోపలికి పోతోంది" అని ఆ ఫోనే దిద్దే రోజులివి. ఇదేదో మొన్న మొన్న పుట్టిన వింత అనుకుంటాం. కాని దీని తాతముత్తాతల్ని వెతుక్కుంటూ పోతే, ఓ గుర్రం దగ్గర తేలతాం!

దౌడు తీసే గుర్రం నాలుగు కాళ్ళూ ఒక్కసారే నేలను విడుస్తాయా? కంటికి అందే సంగతి కాదది. 1878లో అమెరికాలోని పాలో ఆల్టోలో మైబ్రిడ్జ్ అనే ఫొటోగ్రాఫరు వరసగా కెమెరాలు నిలిపి ఆ పరుగును బొమ్మలు తీశాడు. కాళ్ళు నాలుగూ లేస్తున్న మాట నిజమే. అయితే చిత్రకారులు వేసినట్టు బారచాపినప్పుడు కాదు, కడుపు కిందకి ముడుచుకున్నప్పుడు!

తర్వాత పారిస్‌లో మారే అనే శరీరశాస్త్రజ్ఞుడు మనిషి కదలికను పట్టుకున్నాడు. 1882లో తుపాకీలాంటి కెమెరాతో సెకనుకు 12 బొమ్మలు తీశాడాయన. మనిషికి నల్లని దుస్తులు తొడిగి, కాళ్ళూ చేతుల వెంబడి తెల్లని గీతలు, కీళ్ళ దగ్గర చుక్కలు పెట్టి నల్లని తెర ముందు నడిపించాడు. ఫొటోలో మనిషి మాయమై, చుక్కలూ గీతలే మిగిలాయి. ముగ్గు కలిపినట్టు వాటిని కలుపుకుంటే నడక తీరంతా బయటపడుతుంది. సైనికుల నడకనూ అక్కడ ఇలాగే కొలిచారు.

1910 దాటాక అమెరికాలో గిల్‌బ్రెత్ దంపతులు కార్మికుల చేతులకు చిన్న దీపాలు కట్టి ఫొటోలు తీశారు. వృథా కదలికలు తగ్గితే పని త్వరగా తెములుతుందని. 1924లో భర్త పోయాక, పన్నెండుమంది బిడ్డల్ని కన్న లిలియన్ అదే లెక్కను వంటింటికి తెచ్చింది. పొయ్యికీ గట్టుకీ మధ్య ఇల్లాలు వేసే అడుగులు తగ్గించాలని చూసింది. కదలికను కొలిచే ఈ విద్య అలా ఆడదాని శ్రమనూ పట్టించుకుంది!

ఇప్పుడు ఒంటికి చుక్కలు అంటించనక్కర్లేదు. 2020లో గూగుల్ వెలువరించిన బ్లేజ్‌పోజ్ మామూలు ఫోను బొమ్మలోనే 33 గుర్తులు పోల్చుకుంటుంది. తుంటి, మోకాలు, చీలమండ – ఈ మూడు గుర్తుల మధ్య కోణం చూసి, ఎంత వంగామో చెబుతుంది. చీర కట్టుకుని నిలబడితే మాత్రం, కుచ్చెళ్ళ వెనక మోకాలెక్కడుందో అదీ ఊహించుకోవలసిందే, పాపం!

ఒకప్పుడు ఈ కొలతలు సైన్యానికీ, ఫ్యాక్టరీకీ పనికొచ్చాయి. ఇవాళ మన ఒళ్ళు మనకోసమే కొలుచుకుంటున్నాం. చిన్న మార్పు కాదది. తోడుగా వచ్చి దిద్దేవాళ్ళు లేని ఇల్లాలికి ఇది మంచి సాయమే. ఐతే కెమెరాకి కోణం కనబడుతుంది గాని నొప్పి కనబడదు. "బాగుంది, ఇంకో పది" అని ఫోను అన్నా, మోకాలు వద్దంటే మోకాలి మాటే వినాలి సుమా!