సంకీర్తన భాండాగార ద్వార శిల్పాలు, తిరుమల

తిరుమల శ్రీవేంకటేశ్వరస్వామి ఆలయంలో, ఆనందనిలయం చుట్టూ సాగే విమాన ప్రదక్షిణ మార్గాన, భాష్యకారుల సన్నిధి చెంతనున్న సంకీర్తన భాండాగారమనే చిన్న రాతి అర ద్వారానికి ఇరువైపులా చెక్కిన రెండు మూర్తులను పదకవితాపితామహుడు తాళ్లపాక అన్నమాచార్యుడు (1408–1503), ఆయన కుమారుడు పెదతిరుమలాచార్యుల ప్రతిరూపాలుగా గుర్తిస్తారు. ఆలయాల్లో దాతలైన రాజుల విగ్రహాలు నిలపడం పరిపాటే. ఇదే ఆలయ మహాద్వారం దాటగానే దేవేరులతో కూడిన కృష్ణదేవరాయల రాగి ప్రతిమ, భుజంపై పేరుతో సహా, కనిపిస్తుంది. కవిగాయకుడికి ఆ గౌరవం దక్కడం మాత్రం అరుదు. ఇంచుమించు అదే యుగంలో ఇటలీలోని ఫ్లోరెన్స్ ప్రధాన చర్చి గుమ్మటాన్ని నిర్మించిన బ్రూనెలెస్కీ మరణించగా, ఆయన దత్తపుత్రుడు బుజ్జానో చెక్కిన పాలరాతి ప్రతిమను ఆ చర్చి లోపలే ప్రతిష్ఠించారు.

అయితే అక్కడ ముఖ కవళికలకు ప్రాధాన్యం. తిరుమలలో మూర్తుల గుర్తింపుకు ఆధారం అవి కాపలా కాసే సంపదే. పెదతిరుమలాచార్యుడి పూనికతో సంకీర్తనలను, ఒక్కొక్కదానికి రాగం పేరు జోడించి, తెలుగు లిపిలో రాగిరేకులపై చెక్కించి ఈ అరలో భద్రపరిచారు. అన్నమయ్య శక సంవత్సరం 1346 క్రోధి మొదలు 1424 దుందుభి ఫాల్గుణ బహుళ ద్వాదశి వరకు పాడాడని ఒక రేకు చెబుతుంది. మనుమడు చినతిరువేంగళనాథుడు రచించిన చరిత్ర ప్రకారం ఆ సంకీర్తనలు 32,000. లభించినవి అందులో సగానికి లోపే. ఇరవయ్యో శతాబ్దంలో రేకులు వెలుగుచూశాక దేవస్థానం వాటిని సంపుటాలుగా ప్రచురించింది.