సీటు ఎవరిది? వైద్యవిద్యలో స్థానికత కథ

1951 ఏప్రిల్ 9న సుప్రీంకోర్టు ఒక తీర్పు వెలువరించింది. రెండున్నర నెలలైనా తిరగకముందే, జూన్ 18న, రాజ్యాంగానికి తొలి సవరణ అమల్లోకి వచ్చింది. ఆ సవరణకు భూసంస్కరణలు, పత్రికా స్వేచ్ఛ వంటి కారణాలు మరికొన్ని ఉన్నమాట నిజమే. కానీ విద్యలో రిజర్వేషన్లకు నేటికీ ఆధారంగా ఉన్న 15(4) అధికరణం పుట్టుకకు కారణం మద్రాసు రాష్ట్రంలోని 330 మెడికల్ సీట్లు.

అప్పట్లో ఆ రాష్ట్రంలో కమ్యూనల్ జీవో అమల్లో ఉండేది. ప్రతి 14 సీట్లలో బ్రాహ్మణేతర హిందువులకు ఆరు, వెనుకబడిన హిందువులకు రెండు, బ్రాహ్మణులకు రెండు, హరిజనులకు రెండు, ఆంగ్లో ఇండియన్లకూ క్రైస్తవులకూ కలిపి ఒకటి, ముస్లింలకు ఒకటి. దీన్ని సవాలు చేసిన చంపకం దొరైరాజన్ మెడికల్ కాలేజీకి అసలు దరఖాస్తే చేయలేదని సుప్రీంకోర్టు గమనించింది. అయినా కేసు విన్నది, జీవోను కొట్టివేసింది. ఈ వ్యాజ్యాన్ని తమిళ రాజకీయాల ఖాతాలో వేయడం ఢిల్లీ మేధావులకు అలవాటు. ఆ 330 సీట్లు నాలుగు కళాశాలలవి. వాటిలో రెండు తెలుగు నేలమీదివే: 1923లో మొదలైన విశాఖపట్నం కళాశాల, 1946లో మొదలైన గుంటూరు కళాశాల. విశాఖ కళాశాల ప్రారంభమైనప్పుడు మద్రాసు ప్రభుత్వ సారథి కూడా తెలుగువాడే, పానగల్లు రాజా. కులాలవారీగా ఉద్యోగాల పంపకానికి తొలి జీవో ఇచ్చింది ఆయన ప్రభుత్వమే.

వైద్యుడు కావడానికి ఏం చదవాలి, ఎన్నేళ్లు చదవాలి అన్న ప్రశ్న మీద మాత్రం ఇంత రగడ ఎన్నడూ జరగలేదు. నిజానికి అక్కడా పెద్ద మార్పే వచ్చింది. బ్రిటిష్ కాలంలో వైద్యులు రెండు తరగతులుగా ఉండేవారు. విశ్వవిద్యాలయ పట్టా పొందినవారు కొందరు, మెడికల్ స్కూళ్లలో తక్కువ కాలం చదివి లైసెన్సు పొందినవారు ఎక్కువమంది. 1946లో భోర్ కమిటీ నివేదిక ఇచ్చేనాటికి దేశంలో నమోదైన వైద్యులు 47,524 మంది. వారిలో 29,870 మంది ఈ లైసెన్షియేట్లే. 1933 నాటి మెడికల్ కౌన్సిల్ చట్టం వారిని తన పరిధి బయటే ఉంచింది. ఇకపై దేశానికి ఒకే స్థాయి వైద్యుడు చాలునని, లైసెన్షియేటు కోర్సుకు స్వస్తి చెప్పాలని భోర్ కమిటీ సిఫారసు చేసింది. పల్లెలకు వైద్యులు కరవవుతారని కొందరు సభ్యులు అసమ్మతి తెలిపారు. వారి భయం ఎంత నిజమో ఏజెన్సీ ప్రాంతాల ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు ఇన్ని దశాబ్దాలుగా చెబుతూనే ఉన్నాయి. కానీ ఆ వాదన మీద ఒక్క ఊరేగింపు జరగలేదు, ఒక్క మంత్రి కుర్చీ కదలలేదు. బయటికి వచ్చే తలుపు నిబంధనలను నిపుణులు రాశారు. లోపలికి వెళ్లే తలుపు నిబంధనలను రాజకీయం రాసింది.

హైదరాబాద్ సంస్థానంలో ఆ తలుపుకు భాషే గడియ. 1846లో అక్కడ మొదలైన మెడికల్ స్కూలు ఉర్దూలో బోధించింది. 1880లలో ఎడ్వర్డ్ లారీ హయాంలో స్త్రీలను కూడా చేర్చుకుంది. మత్తు వైద్యంలో పేరొందిన రూపాబాయి ఫర్దూన్‌జీ అలా వచ్చినవారే. తర్వాత ఉస్మానియా విశ్వవిద్యాలయం ఎం.బి.బి.ఎస్.ను సైతం ఉర్దూలో నేర్పింది. దేశభాషలో ఆధునిక వైద్యం బోధించిన ఆ ప్రయోగం మెచ్చదగినదే. కాకపోతే ఆ దేశభాష, సంస్థానంలో అత్యధికులు ఇళ్లలో మాట్లాడుకునే భాష కాదు. ముల్కీ నిబంధనలు ప్రధానంగా ఉద్యోగాలకు సంబంధించినవైనా, 'ఇక్కడివారు ఎవరు' అన్న ప్రశ్నకు చట్టరూపం ఇచ్చింది అవే.

1956లో రెండు ప్రాంతాలు కలిశాక ఆ ప్రశ్న కళాశాలల గడప తొక్కింది. దానితోపాటు కులం లెక్కా వచ్చింది. మెడికల్ సీట్ల కోసం రాష్ట్ర ప్రభుత్వం రూపొందించిన వెనుకబడిన తరగతుల జాబితాను 1968లో పి.సాగర్ కేసులో సుప్రీంకోర్టు అంగీకరించలేదు. అప్పుడు అనంతరామన్ కమిషన్ కూర్చుంది. దాని నివేదిక ఆధారంగా 1970లో వచ్చిన 25 శాతం రిజర్వేషన్‌ను 1972లో బలరామ్ కేసులో అదే కోర్టు సమర్థించింది. ఏ, బీ, సీ, డీ అంటూ నేడు ప్రతి తెలుగు విద్యార్థి దరఖాస్తులో నింపే గళ్లు చట్టపరీక్ష నెగ్గింది మెడికల్ సీటు వివాదంలోనే.

అదే 1972 అక్టోబరులో ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు చెప్పడం, జై ఆంధ్ర ఉద్యమం రగలడం, రాష్ట్రపతి పాలన రావడం తెలిసిన చరిత్రే. 1973 సెప్టెంబరులో ఆరు సూత్రాల పథకం వచ్చింది. దాని నుంచి 371డి అధికరణం, దాని కింద 1974లో ప్రవేశాల ఉత్తర్వు పుట్టాయి. రాష్ట్రాన్ని ఆంధ్ర, ఉస్మానియా, శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయాల పరిధులుగా విడగొట్టి, ఒక్కో పరిధిలో 85 శాతం సీట్లు స్థానికులకే కేటాయించారు. అర్హత పరీక్షతో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు అక్కడే చదివినవారు స్థానికులు. ఈ నిర్వచనంలో పుట్టిన ఊరు లేదు, తాతల ఆస్తి లేదు, మాతృభాష లేదు. ప్రధానంగా బడి రిజిస్టరే ఉంది. ప్రాంతీయ ఆవేశాల నడుమ ఇంత నిరాడంబరమైన కొలమానం ఎంచుకోవడం ఆనాటి రాజీలోని తెలివైన పని.

సీట్లు మాత్రం డిమాండుకు తగ్గట్టు పెరగలేదు. స్తోమత ఉన్నవారు కర్ణాటక దారి పట్టారు. వై.ఎస్.రాజశేఖరరెడ్డి సైతం గుల్బర్గాలో చదివిన వైద్యుడే. 1983లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం కాపిటేషన్ ఫీజును చట్టంతో నిషేధించింది. 1986లో ఎంసెట్ వచ్చింది, విజయవాడలో వైద్య విశ్వవిద్యాలయం వచ్చింది. తొమ్మిదేళ్లకు, 1992లో, కాంగ్రెస్ ప్రభుత్వం అదే చట్టానికి ఒక సెక్షన్ చేర్చి వసూళ్లకు దారి తెరిచింది, ప్రైవేటు వైద్య, దంతవైద్య కళాశాలలకు మూకుమ్మడిగా అనుమతులిచ్చింది. హైకోర్టు ఆ సెక్షన్‌నూ అనుమతులనూ కొట్టివేసింది. ఆ అభిశంసనతో అక్టోబరులో ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డి పదవి వదులుకున్నారు. మెడికల్ సీటు ఏకంగా ముఖ్యమంత్రి పీఠాన్నే కదిలించిన సందర్భమది. మరుసటి ఏడాది ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు ఫ్రీ సీటు, పేమెంటు సీటు అన్న మాటలను తెలుగిళ్లలో వాడుక మాటలు చేసింది.

నీట్ కథ క్లుప్తంగా చెబితే సరిపోతుంది. 2013లో సుప్రీంకోర్టు వద్దన్నది, 2016లో అదే కోర్టు ఆ తీర్పును వెనక్కి తీసుకుంది. ఆ ఏడాది ఆర్డినెన్సుతో రాష్ట్రాలకు ఊరట దొరికినా, తెలంగాణలో ఎంసెట్-2 ప్రశ్నపత్రం లీకై పిల్లలు సెప్టెంబరులో మూడోసారి పరీక్ష రాయాల్సి వచ్చింది. తర్వాత పరీక్ష ఢిల్లీ చేతుల్లోకి వెళ్లింది. స్థానికత రాష్ట్రాల దగ్గరే మిగిలింది.

దాని పదును ఎక్కువగా తగిలేది రాష్ట్రం బయట బతికే తెలుగువారికి. ఢిల్లీ తూర్పు అంచున యమున దాటితే మయూర్ విహార్. ఇంకాస్త ముందుకు వెళితే నోయిడా, అంటే ఉత్తరప్రదేశ్. ఢిల్లీ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలల్లో 85 శాతం కోటా, పదకొండు, పన్నెండు తరగతులు ఢిల్లీ పరిధిలోని బడుల్లో చదివినవారిదే. మయూర్ విహార్‌లో కాపురం ఉంటూ సరిహద్దు అవతలి బడికి బస్సెక్కే పిల్లవాడికి ఆ కోటా లేదు. ఇంటి చిరునామా ఢిల్లీదే, బడి చిరునామా ఢిల్లీది కాదు. అతడి అమ్మానాన్నలు తెలుగువారైతే నాలుగేళ్ల నిబంధన వల్ల సొంత రాష్ట్రంలోనూ అతడు స్థానికేతరుడే.

తెలంగాణలో ఈ వివాదం ఇటీవల ముదిరింది. ఏడేళ్ల చదువులో ఎక్కువ కాలం ఎక్కడ గడిపితే అక్కడివారన్న వెసులుబాటును 2024 జులైలో ప్రభుత్వం తొలగించి, నాలుగేళ్ల నియమాన్నే నిలిపింది. హైకోర్టు దాన్ని సడలించింది. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ప్రభుత్వ నియమాన్నే సమర్థించింది. విచారణ సాగుతుండగా ప్రభుత్వం ఒక మినహాయింపునకు ఒప్పుకుంది: రాష్ట్రం బయట పనిచేసే రాష్ట్ర ప్రభుత్వ, అఖిల భారత సర్వీసుల, సైనిక దళాల ఉద్యోగుల పిల్లలకు. ఐ.ఏ.ఎస్. అధికారి బదిలీ బలవంతం, ప్రైవేటు ఉద్యోగి వలస ఇష్టం అన్న తర్కం దీని వెనుక ఉంది. పాలమూరు నుంచి మేస్త్రీ పనికి ముంబయి వెళ్లినవాడు ఇష్టపడి వెళ్లాడా? అతడి కూతురు అక్కడి మునిసిపల్ బడిలో చదివి నీట్‌లో ర్యాంకు తెచ్చుకుంటే, దరఖాస్తులో 'స్థానిక అభ్యర్థి' అన్న గడిలో ఆమె 'కాదు' అనే రాయాలి.