ప్రతిధ్వని నడచిన దారి

దేవాలయ మండపములో ఒకరు పాడుచుండగా వినువారికి, కంఠముతోపాటు రాతిస్తంభములు కూడ పలికినట్లు తోచును. గాయకుని నోటినుండి నేరుగా వచ్చునది ఒక ధ్వని. గోడలను తాకి, ఒకింత ఆలస్యముగా చెవిని చేరునది మరియొకటి. తెరలు కట్టి, తివాసీలు పరచిన స్టూడియోలో ఈ రెండవది ఉండదు. మైక్రోఫోనునకు కంఠము స్పష్టముగా అందును గాని పొడిగా నుండును. ఆ కొరతను తీర్చుటకు ఇంజనీర్లు పన్నిన ఉపాయమే, నేడు ఇంటి స్టూడియోలలో మిక్సరునకు ఎఫెక్టు యంత్రమును కలుపు పద్ధతిగా నిలిచియున్నది.

1947లో చికాగో నగరమున బిల్ పట్నమ్ అను ఇంజనీరు, హార్మోనికాట్స్ అను మౌతార్గాన్ బృందముచేత ‘పెగ్ ఓ మై హార్ట్’ అను పాటను రికార్డు చేసెను. స్టూడియో స్నానాలగదిలో ఒక లౌడుస్పీకరును, ఒక మైక్రోఫోనును ఉంచి, వాద్యధ్వనిలో కొంతభాగము నచ్చటికి పంపి, ఆ గది పలికిన పలుకును వెనుకకు తెచ్చి అసలు ధ్వనితో కలిపెను. రికార్డు విరివిగా అమ్ముడుపోయెను. స్నానాలగది సంగతి అందరును ముచ్చటగా చెప్పుకొందురు గాని, మాకు ముఖ్యముగా తోచునది అది కాదు. వాద్యము తన దారిని తాను పోయినది. దానినుండి చీలిన పాయ మాత్రమే గదికి వెళ్ళి వచ్చినది. ధవళేశ్వరము దిగువ చీలిన గోదావరి పాయలు వేరువేరుగా సముద్రమును చేరును. ఈ పాయ మాత్రము మరల తల్లినదిలోనే కలియును. ప్రతిధ్వని మితిమీరినచో ఆ పాయను తగ్గింపవచ్చును, కంఠము చెక్కుచెదరదు. కంఠమునే సాంతము యంత్రములో ముంచి రికార్డు చేసినచో, పిమ్మట దానిని విడదీయుట అసాధ్యము.

గదులు అందరికిని లభింపవు. 1957లో జర్మనీ దేశపు ఇ.ఎమ్.టి. సంస్థ వ్రేలాడదీసిన పలుచని ఉక్కురేకుచే గది పనిని చేయించెను. ఆ యంత్రము బరువు దాదాపు 270 కిలోలు. ఇంటికి తెచ్చుకొనదగినది కాదు.

ఇంటిలో ఈ విద్యను పండించినవాడు జమైకా ద్వీపమున కింగ్‌స్టన్ నగరవాసి యగు ఆస్‌బోర్న్ రడ్డాక్. లోకము ఇతనిని కింగ్ టబ్బీ యని పిలిచెను. రేడియోలు, ఆంప్లిఫయర్లు బాగుచేయుట ఇతని వృత్తి. 1970వ దశకము తొలినాళ్ళలో, ఒక పెద్ద స్టూడియో వాడి విడిచిన మిక్సరును సంపాదించి తన యింటనే నెలకొల్పెను. గాయకులు పాడుటకు అక్కడను స్నానాలగదియే! స్ప్రింగుతో పనిచేయు అనురణన యంత్రమును, టేపు ప్రతిధ్వనిని మిక్సరునకు తగిలించెను. టేపులో జరుగునది సులభముగా తెలియదగినదే. రికార్డు చేయు హెడ్డునకును, పలికించు హెడ్డునకును నడుమ 2 అంగుళముల ఎడము ఉండి, టేపు సెకనుకు 7½ అంగుళములు నడచినచో, ధ్వని పావు సెకనుకంటె కొంచెము ఆలస్యముగా తిరిగి వచ్చును.

టబ్బీ చేసిన సాహసమేమనగా, ఒక మాట పలికించి, కంఠమును టక్కున ఆపి, దాని ప్రతిధ్వనిని మాత్రము డోలు, బేస్ గిటారుల నడుమ తేలనిచ్చుట. సేవకునిగా తెచ్చిన పాయయే కథానాయకుడైనది. ‘డబ్’ అను సంగీతమునకు పెరిగిన ఖ్యాతిలో ఇతని భాగము మిక్కిలి గొప్పది. 1976లో వెలువడిన అగస్టస్ పాబ్లో ఆల్బము పేరులోనే ఇతని పేరు నిలిచినది. 1989లో ఇతడు తన యింటి ముంగిటనే హత్యకు గురియయ్యెను.

ఇంటిలో చేయగోరువారికి తీగలు రెండే దారులు. యంత్రము కొనుటలోని మోజు తీగలయందు చాలమందికి ఉండదు; చిక్కంతయు అచ్చటనే. మిక్సరులో ‘సెండ్’ అను రంధ్రమునుండి యంత్రపు ఇన్‌పుట్టునకు ఒక తీగ. యంత్రపు అవుట్‌పుట్టునుండి ‘రిటర్న్’కు గాని, ఖాళీ ఛానలుకు గాని మరియొకటి. యంత్రము ప్రతిధ్వనిని మాత్రమే ఈయవలెను. పొడి ధ్వనిని మిక్సరు ఎటులను ఇచ్చుచున్నది. ఖాళీ ఛానలులోనికి తెచ్చినచో, ఆ ఛానలు సెండ్ మరను పూర్తిగా దించి యుంచవలెను. లేనిచో ప్రతిధ్వనికి ప్రతిధ్వని పుట్టి, క్షణములో చెవులు చిల్లులుపడు కూతగా మారును. డబ్ ఇంజనీర్లు ఆ మరనే వెంట్రుకవాసి త్రిప్పి, కూతకు ముందరి అంచున ఆడుకొనిరి. సెండ్ ఫేడరునకు పిమ్మట ఉన్నచో, ఫేడరు దించగనే కంఠమునుండి యంత్రమునకు పోవునదియు ఆగును. ముందు ఉన్నచో కంఠము మాయమైనను ప్రతిధ్వని పలుకుచునే యుండును.