టాకో బెల్‌కి టాకో నేర్పిన హోటల్

టాకో బెల్ ఇప్పుడు హైదరాబాద్‌లోనూ ఉంది. కానీ ఆ కరకరలాడే టాకో అసలు ఎక్కడిదో తెలుసా? కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినోలో 1937లో పెట్టిన మిట్లా కేఫ్‌ది! దానికి ఎదురుగా బండి నడిపిన గ్లెన్ బెల్ అక్కడ తిని, చూసి నేర్చుకున్నాడు. 1962లో టాకో బెల్ తెరిచాడు.

నా చిన్నప్పుడు మేం ఆ చుట్టుపక్కలే ఉండేవాళ్లం. ఆదివారం వస్తే మిట్లాకే. సల్సా నాలుక్కి తగలగానే అమ్మ, "ఇది మన టమాటా పచ్చడే కదా" అనేది. నాన్న మాత్రం ఆ గది కథ చెప్పేవారు. ఒకప్పుడు ఆ ఊళ్లో స్విమ్మింగ్ పూల్‌లోకి మెక్సికన్ పిల్లల్ని రానిచ్చేవాళ్లు కాదు. పెద్దవాళ్లు ఈ కేఫ్‌లోనే కూర్చుని ఆలోచించారు. కోర్టుకెళ్లి, 1944లో గెలిచారు.

టాకో చెయ్యడం ఎవరైనా నేర్చుకోవచ్చు. ఆ గెలుపు మాత్రం మిట్లాదే. మీ ఊళ్లో పాత హోటల్ ఉంటే, ఈసారి టిఫిన్‌తో పాటు దాని కథ కూడా అడగండి.