సంతకం పెట్టే ముందు: చమురు, గ్యాస్ పనుల్లో సేఫ్టీ ట్రైనింగ్ ఎలా వచ్చిందంటే



మన తెలుగువాళ్లు తరాలుగా స్థిరపడిన చోట్లు ఒకసారి గుర్తుచేసుకోండి. చెన్నైలో మణలి, కర్ణాటకలో మంగళూరు, ఒడిశాలో పారాదీప్, ముంబైలో మాహుల్. అన్నిచోట్లా రిఫైనరీలున్నాయి. యానాంలో గోదావరి దాటితే కోనసీమ గ్యాస్ బావులు. ఆ గేట్ల ముందు పొద్దున్నే గేట్ పాస్ పట్టుకుని నిలబడేవాళ్లలో మన పిల్లలుంటారు. ఆంధ్ర, తెలంగాణల నుంచి కొత్తగా వచ్చిన వెల్డర్లు, ఫిట్టర్లు కూడా ఉంటారు. లోపలికి పంపే ముందు వాళ్లకు సేఫ్టీ ట్రైనింగ్ ఇచ్చి రిజిస్టరులో సంతకం పెట్టించుకుంటారు. చాలామందికి అదొక తప్పని తంతు. ఆ తంతు వెనక ఎంత చరిత్ర ఉందో ఈ రోజు రాస్తున్నాను.

మన దేశంలో కథ భోపాల్‌తో మలుపు తిరిగింది. అది పురుగుమందుల ఫ్యాక్టరీ, చమురు కంపెనీ కాదు. కానీ 1984 డిసెంబరు తర్వాత ప్రమాదకర పరిశ్రమలన్నిటినీ ప్రభుత్వం కొత్త కళ్లతో చూడాల్సి వచ్చింది. 1986లో పెట్రోలియం శాఖ కింద ఆయిల్ ఇండస్ట్రీ సేఫ్టీ డైరెక్టరేట్ ఏర్పడింది. ఈ రంగంలో అందరూ ఓ.ఐ.ఎస్.డి. అనేది దీన్నే. వర్క్ పర్మిట్ ఎలా ఇవ్వాలి, ట్రైనింగులో ఏం చెప్పాలి వంటి వాటికి ప్రమాణాలు రాసింది ఈ సంస్థే. 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి 111-ఎ సెక్షన్ చేర్చారు. తన ఆరోగ్యానికి, భద్రతకు సంబంధించిన సమాచారం అడిగి తెలుసుకోవడం, శిక్షణ పొందడం కార్మికుడి హక్కు అని అందులో రాశారు. అప్పటిదాకా యజమాని దయ అనుకున్నది అలా హక్కయింది.

మరుసటి ఏడాదే ప్రపంచంలోని చమురు కంపెనీలన్నీ ఉలిక్కిపడ్డ ప్రమాదం జరిగింది. 1988 జులై 6. స్కాట్లాండ్ దగ్గర ఉత్తర సముద్రంలో పైపర్ ఆల్ఫా అనే ప్లాట్‌ఫారం. అక్కడ రెండు పంపులుండేవి. ఒకదాని సేఫ్టీ వాల్వును పగలు మరమ్మతు కోసం విప్పారు. పని సాయంత్రానికి పూర్తికాలేదు. తెరిచి ఉన్న పైపు చివర ఒక మూత బిగించి, పర్మిట్ కాగితం కంట్రోల్ రూములో పెట్టి వెళ్లిపోయారు. రాత్రి రెండో పంపు ఆగిపోయింది. నైట్ షిఫ్టువాళ్లకు మొదటి పంపు మీద పని ఉందన్న పర్మిట్ సంగతి తెలుసు, వాల్వు విప్పిన పర్మిట్ సంగతి తెలియదు. దాన్ని నడిపారు. మూత దగ్గర గ్యాస్ లీకై పేలింది. 167 మంది చనిపోయారు. చాలామంది వసతి భవనంలోనే ఉండి, ఎవరో వచ్చి ఏం చేయాలో చెబుతారని ఎదురుచూస్తూ ప్రాణాలు వదిలారు.

లార్డ్ కలెన్ విచారణ జరిపి 1990లో 106 సిఫార్సులు చేశారు. అత్యవసర సమయంలో ఏం చేయాలో అక్కడివాళ్లకు సరైన శిక్షణ లేదని ఆయన తేల్చారు. పర్మిట్ పద్ధతి కాగితం మీద ఉంది. ఒక షిఫ్టు నుంచి ఇంకో షిఫ్టుకు చేరాల్సిన మాట మాత్రం చేరలేదు.

మనకు అలాంటి రోజు 2005 జులై 27న వచ్చింది. ముంబైని వరద ముంచిన మర్నాడు. తీరానికి సుమారు 160 కిలోమీటర్ల దూరంలో ముంబై హై నార్త్ ప్లాట్‌ఫారం. సముద్ర సురక్ష అనే ఓడలో ఒకాయనకు గాయమైంది. వాతావరణం వల్ల హెలికాప్టర్లు లేవు. గాలి మాటున ఉన్న క్రేన్ పనిచేయడం లేదు. అందుకని ఎదురుగాలి వైపు నుంచి ఆయన్ని ఎక్కించబోయారు. అలల తాకిడికి ఓడ వెళ్లి గ్యాస్ తెచ్చే నిలువు పైపుకు తగిలింది. రెండు గంటల్లో ప్లాట్‌ఫారం మొత్తం కూలిపోయింది. 22 మంది పోయారు, 362 మందిని కాపాడగలిగారు. ఆ తర్వాత 2008లో సముద్రంలో జరిగే పనులకు విడిగా భద్రతా నియమాలు వచ్చాయి. వాటి అమలు చూసే అధికారం ఓ.ఐ.ఎస్.డి.కి ఇచ్చారు.

గేటు బయట ఉన్నవాళ్ల సంగతి కోనసీమ చెప్పింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో గెయిల్ పైపులైను లీకై అంటుకుంది. 20 మందికి పైగా నిద్రలోనో, నిద్ర లేస్తూనో కాలిపోయారు. ఇంటి పక్కన పైపు వెళ్తున్నవాళ్లకూ శిక్షణ కావాలి. గ్యాస్ లీకైందని అనుమానం వస్తే పొయ్యి వెలిగించకూడదని, స్విచ్చు ముట్టుకోకూడదని, ఏ నంబరుకు ఫోన్ చేయాలో పసిపిల్లలకు కూడా తెలిసుండాలి.

ఇక మన సంఘాలకు సంబంధించిన మాట. 1948 ఫ్యాక్టరీల చట్టం 108వ సెక్షన్‌లో నోటీసులు ఇంగ్లీషులోనూ, ఎక్కువమంది కార్మికులకు అర్థమయ్యే భాషలోనూ ఉండాలని రాశారు. న్యాయమైన మాటే. కానీ మణలిలో ఆ భాష తమిళం అవుతుంది, పారాదీప్‌లో ఒడియా అవుతుంది. నిన్న శ్రీకాకుళం నుంచి రైలు దిగిన కుర్రాడికి రెండూ రావు. పక్కవాడు పెట్టాడు కదా అని తనూ సంతకం పెడతాడు. ఆ సంతకంతో కాంట్రాక్టరు రికార్డు సరిపోతుంది. ట్యాంకులోకి దిగే ముందు గ్యాస్ పరీక్ష చేయించాలని మాత్రం ఆ కుర్రాడికి తెలియదు.

ఇక్కడ మనం చేయగలిగింది ఉంది. మన ఇళ్లలో రెండు భాషలూ వచ్చినవాళ్లున్నారు. రిఫైనరీల్లో చేసి రిటైరైన పెద్దలున్నారు. నెలకో ఆదివారం సంఘం హాల్లో కూర్చుని, వర్క్ పర్మిట్ అంటే ఏమిటి, సైరన్ మోగితే ఎటు పరుగెత్తాలి, షిఫ్టు మారేటప్పుడు ఏమేం అడగాలి అన్నది తెలుగులో చెప్పగలరు. "అర్థం కాలేదు సార్, మళ్లీ చెప్పండి" అని అడగడం తప్పు కాదని, చట్టం ఇచ్చిన హక్కని కూడా చెప్పాలి.

పండగలకు పందిళ్లు వేసుకుంటున్నాం, పెళ్లి సంబంధాలు కుదుర్చుకుంటున్నాం. పని కోసం వచ్చిన మనవాడు సాయంత్రానికి క్షేమంగా ఇంటికి చేరేలా చూడటం కూడా సంఘం పనే అని నా అభిప్రాయం. ముందుకు వచ్చే పెద్దలు కింద తమ పేరు, ఊరు రాయండి.

సెలవు.