తంతివార్త: శ్రవణమా, లేఖనమా?

వేదమును శ్రుతియని వ్యవహరించు మనకుఁ దంతివార్తాచరిత్రము వినోదావహము. 1844 మే 24వ తేదీని మోర్సు వాషింగ్టనునుండి బాల్టిమోరునకు వార్త పంపినపుడు, అచటి యంత్రము కదలుచున్న కాగితపుపట్టీపైఁ జుక్కలను గీతలను నొక్కి గుర్తించెను. తరువాతఁ దంతియుద్యోగులు ఆ యంత్రపు టకటకధ్వనిని వినియే యక్షరములను గ్రహింప నేర్చిరి. పట్టీతో నంతగాఁ బని లేకపోయెను. అంతర్జాతీయసంకేతమునఁ జుక్క యేకమాత్రకము, గీత త్రిమాత్రకము. కావున గీతను దీర్ఘమనుటకంటెఁ బ్లుతమనుటయే శాస్త్రసమ్మతము!

సముద్రతంతియం దీ నేర్పు చెల్లలేదు. 1858లో అట్లాంటికు సముద్రమున వేసిన తంతిగుండ విద్యుత్తు మిక్కిలి క్షీణించి చేరుచుండెను. విలియం థామ్సను (తరువాత కెల్విను ప్రభువు) చిన్న అయస్కాంతముల నంటించిన యద్దమును వ్రేలాడఁదీసి, దానినుండి ప్రతిఫలించు వెలుఁగుచుక్క కుడియెడమలకుఁ గదలుటనుబట్టి వార్త చదివించెను. కాని వెలుఁగు నిలువదు. చూచినవాఁడు పొరపడినచో సాక్ష్య మేది?

ఈ లోపమును దీర్చినది 1867లో ఆయనయే కల్పించిన సైఫను రికార్డరు. అయస్కాంతధ్రువముల నడుమ వ్రేలాడు తేలికయగు తీఁగచుట్టతోఁ గూడ సన్నని గాజుగొట్టము కదలును; అందలి సిరా పట్టీపై వంకరరేఖగాఁ బడును. గొట్టము కాగితమును దాఁకినచో రాపిడికే యా యల్పశక్తి వ్యయమగునని, సిరాను విద్యుద్యుక్తము చేసి చిమ్మించిరి. ఇటఁ జుక్కకు గీతకుఁ గాలభేదము లేదు. ఒకటి మధ్యరేఖకుఁ బైని, వేఱొకటి క్రిందను. మాత్ర పోయి, ఉదాత్తానుదాత్తములవలె స్థానమే భేదకమైనది. పాఠమున సంశయము గలిగినచోఁ బట్టీని మరలఁ జదివి నిర్ణయింపవచ్చును. అద్దపుయంత్రమున కా భాగ్యము లేదు.